మార్చక్కర్లేదని చెప్పిన ఫోర్కు

మా పనిలో రిటైర్మెంటు అనే మాట లేదు. చెయ్యి ఆగిన రోజే ఆఖరి రోజు. నా కుడి మణికట్టు యాభై నాలుగో ఏట ఆగింది. అప్పటికి ముప్పై ఆరేళ్ళు సైకిళ్ళు బాగుచేశాను. మొదటి తొమ్మిదేళ్ళు సూర్రావు మేస్త్రి దగ్గర, తరవాత ఇరవై ఏడేళ్ళు యానాం ఫరంపేటలో నా సొంత దుకాణంలో.

గేరు సైకిళ్ళ పనిలోకి కొత్తగా దిగుతున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికొస్తుంటారు. యానాం వాళ్ళే కాదు, వంతెన అవతలి ఊళ్ళ వాళ్ళు కూడా. ఎక్కువమంది అడిగేది ఒకటే. "పాత మౌంటెన్ బైకు వచ్చిందండి. ముందు షాకప్సర్ ఫోర్కు పాతబడిపోయింది. తీసేసి కొత్తది వెయ్యమంటారా, ఉన్నదాన్నే సాగించమంటారా?"

దీనికి కొలతల జవాబు ఇప్పుడు ఫోనులో దొరుకుతుంది. అదే జవాబు నేను ఫోను లేని రోజుల్లో వెర్నియర్ కాలిపరూ కాగితమూ పెట్టుకుని నేర్చుకున్నాను. అది తప్పు జవాబు కాదు. కానీ ఆ జవాబు చెప్పి ఒక మనిషిని తూము గోడ మీదికి పంపాను. విరిగిన మెడ సంగతి డాక్టర్లు చూశారు. దాంతోపాటు ఇంట్లో అతని మాటకి విలువ పోయింది. దాన్ని తిరిగి ఇవ్వగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆలస్యం చేశాను. ఆ సంగతే రాస్తున్నాను.

పడేసి వినడం

సూర్రావు గారిది బజారు చివర తాటాకు పందిరి కింద దుకాణం. మంచి మేస్త్రి. మంచి మనిషని మాత్రం అనలేను. చేతిలో స్పానరుంటే స్పానరుతోనే కొట్టేవాడు. పని నేర్పేవాడు కాదు, చూడనిచ్చేవాడు. అంతే.

ఆయనకొక అలవాటుండేది. ఏ సైకిలు వచ్చినా, పంక్చరు కోసం వచ్చినదైనా సరే, హ్యాండిలూ సీటూ పట్టుకుని జానెడెత్తు లేపి నేల మీద పడేసేవాడు. తల పక్కకి వంచి వినేవాడు. "హెడ్డు కప్పు వదులయ్యింది" అనో, "ఎనక యాక్సిలు ఇరిగింది" అనో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే.

"ఎలా తెలుస్తుందండి?" అని ఒకసారి అడిగాను.

"సైకిలు నోరిప్పి చెప్పదురా. పడేత్తే అరుత్తాది. అరిసినప్పుడు ఇనాలి," అన్నాడు. నా చేతిలో స్కేలు చూసి, "నువ్వేమో పెళ్ళికూతురికి జాకెట్టు కుట్టేవాడిలాగ ఆ కొలతలు తీత్తానే ఉంటావు," అని నవ్వాడు.

కొలత పిచ్చి నాకు నిజమే. పదో తరగతి లెక్కల్లో తప్పాను. తప్పాకే లెక్కల మీద పట్టుదల వచ్చింది. ఏ రిమ్ముకి ఎంత పొడవు స్పోకు పుల్ల పడుతుంది, చెయిను ఎంత సాగితే ఫ్రీవీలు పళ్ళని తినడం మొదలెడుతుంది, అన్నీ నోటు పుస్తకాల్లో రాసుకునేవాణ్ణి. ఎవరూ చెప్పలేదు. కొలిచి, రాసి, మళ్ళీ కొలిచి తెలుసుకున్నాను. ఊళ్ళో నాకు 'మిల్లీమీటరు' అని పేరు పెట్టారు. వెక్కిరింతకే పెట్టారు. నాకు మాత్రం గర్వంగానే ఉండేది.

సొంత దుకాణం పెట్టిన ఏడాదిలోనే పడేసే అలవాటు మానేశాను. కాకినాడ నుంచి కొత్త గేరు సైకిలు వేసుకొచ్చిన ఒకాయన, నేను అలవాటుకొద్దీ దాన్ని ఎత్తి పడేస్తే, "ఏవయ్యా, సైకిలనుకున్నావా, కొబ్బరికాయనుకున్నావా?" అని నలుగురిలో కేకలేశాడు. సిగ్గేసింది. పైగా ముందు షాకప్సర్ ఉన్న సైకిలు పడేస్తే చప్పుడు స్ప్రింగే మింగేస్తుంది, వినడానికేం ఉండదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఎత్తి పడెయ్యడం మాని నొక్కి చూడడం మొదలెట్టాను. ముందు బ్రేకు పట్టి హ్యాండిలు మీద బరువేసి నొక్కాలి. ఎంత దిగిందో కొలిచి రాసుకోవాలి. అది చదువుకున్నవాడు చేసే పనిలా ఉండేది.

ఇరవై మిల్లీమీటర్ల బోర్డు

షాకప్సర్ ఫోర్కు అంటే ఏమిటో తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. పైనుంచి రెండు సన్న గొట్టాలు, కిందున్న రెండు లావు గొట్టాల్లోకి దిగుతాయి. లోపల స్ప్రింగులుంటాయి. చక్రం లావు గొట్టాలకి బిగించి ఉంటుంది. ఒక్కో లావు గొట్టం అడుగు నుంచి లోపలికి ఒక పొడుగు బోల్టు వెళుతుంది. సన్న గొట్టం పైకి ఊడి రాకుండా పట్టి ఉంచేది ఆ బోల్టు ఒక్కటే. మిగతావన్నీ మరిచిపోయినా ఈ బోల్టుని మరిచిపోకండి.

ఫోర్కుల విషయంలో నా మొదటి తప్పు ఒక బ్యాంకు ఉద్యోగి సైకిలు మీద జరిగింది. అతని సైకిలు ఎనభై మిల్లీమీటర్లు దిగే ఫోర్కు కోసం చేసింది. నూట ఇరవై దిగేది వెయ్యమన్నాడు. "ఎంత ఎక్కువ దిగితే అంత మెత్తన కదండీ," అన్నాడు. నాకూ అలాగే తోచింది. వేశాను. సైకిలు ముక్కు పైకెత్తుకుని నిలబడింది. ఇద్దరం మెచ్చుకున్నాం.

నాలుగు నెలల తరవాత అతనే తీసుకొచ్చాడు. "ఇక్కడ పెయింటు పగిలినట్టుంది, చూడండి," అన్నాడు. ఫ్రేము ముందు భాగంలో కింది గొట్టం అతుకు దగ్గర వెంట్రుకంత గీత. గోరు పెడితే గోరు దిగింది. ఆ గీతతోనే వంతెన మీద లారీల పక్కన తొక్కుకుంటూ వచ్చాడతను.

అప్పుడు కూర్చుని లెక్క కట్టాను. ఫోర్కు ఇరవై మిల్లీమీటర్లు పొడుగైతే సైకిలు తల సుమారు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. ఫోర్కు పొడుగైనకొద్దీ అది గడ్డపారలాగా ఫ్రేమునే పెకలిస్తుంది. దిగుడు నలభై ఎక్కువే అయినా, నేను వేసింది మొత్తం పొడుగులో నలభై అయిదు మిల్లీమీటర్లు ఎక్కువ. మర్నాడే దుకాణం గోడ మీద బోర్డు రాయించాను: 'కొత్త ఫోర్కు పాతదాని కంటే 20 మి.మీ. మించి పొడుగుంటే వెయ్యబడదు.'

ఇప్పుడొచ్చే ఫోర్కులు చాలావరకు పాత ఫ్రేములకి నప్పవు. కొన్నిటికి మెడ గొట్టం కిందికొచ్చేసరికి లావెక్కుతుంది, పాత ఫ్రేములో దూరదు. కొన్నిటికి పాత రకం బ్రేకు కూర్చోడానికి చోటుండదు. చక్రాల సైజు కూడా మారిపోయింది. ఇవన్నీ దాటినా నా ఇరవై దగ్గర చాలామటుకు ఆగిపోయేవి. అందుకని మార్చమని వచ్చిన వాళ్ళలో ఎక్కువమందికి "అక్కర్లేదు" అనే చెప్పేవాణ్ణి. వద్దని చెప్పే మేస్త్రి అంటే జనానికి నమ్మకం. "మిల్లీమీటరు అక్కర్లేదన్నాడా? ఇంకేం, అక్కర్లేదు," అనేవారు. అగ్రహారం నుంచి కూడా నా మాట కోసం వచ్చేవారు.

ఆ నమ్మకం రుచి మరిగాను. ఏది పడితే అది అంటగట్టేవాడికి "కొనండి" అనే మాట ఎంత సులువో, నాకు "అక్కర్లేదు" అంత సులువైపోయింది.

ఓవరాయిలింగ్

సత్తిబాబు ఇల్లు మా దుకాణానికి రెండు వీధుల అవతల. దరియాలతిప్ప వైపు రొయ్యల చెరువుల మీద మేత వేసే పని. నన్ను బావా అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు, వరసంతే. అతని భార్య కుమారి అందుకే నన్ను అన్నయ్యా అనేది.

ఒకప్పుడు బాగా తాగేవాడు. అడుగడుక్కీ చవక మందు దొరికే మా ఊళ్ళో ఉండి మందు మానడమంటే ఉప్పుటేట్లో ఉండి ఉప్పు మానడం. అయినా మానేశాడు. కూతురి తల మీద చెయ్యేసి ఒట్టేశాడు. రెండేళ్ళు దాటింది. కుమారి ఆ రెండేళ్ళనీ ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పుకునేది. నాకూ చెప్పింది, ఒకటికి నాలుగుసార్లు.

అతని సైకిలు, ఊరొదిలి వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర కొన్న గేరు సైకిలు. పద్నాలుగేళ్ళ పాతది. ఎనభై మిల్లీమీటర్ల ఫోర్కు. రోజూ చెరువు గట్ల మీద తిరిగేది. సాయంత్రం అతను దాన్ని ఉప్పుకాలవలోకి దింపి గేదెని కడిగినట్టు కడిగేవాడు. శుభ్రం చేస్తున్నాననుకునేవాడు.

"బావా, ముందు కాళ్ళు బిగుసుకుపోయాయి. గతుకొత్తే మోచేతుల్లోకి కొడతంది. కొత్త షాకప్సర్ ఏసెయ్యి," అన్నాడు.

కొలిచాను. ఆ చక్రానికి దొరికే కొత్త ఫోర్కు పాతదాని కంటే ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు పొడుగు.

"కుదరదు సత్తిబాబూ. ఎనిమిది మిల్లీమీటర్లు ఎక్కువవుతుంది."

"ఎనిమిదంటే ఎంత?"

వేళ్ళతో చూపించాను.

"ఇంతేనా? మా ఆవిడ అట్టు ఇంతకన్నా మందం ఉంటాది. తింటన్నాను గదా, ఏవయ్యింది?"

"నువ్వు తట్టుకుంటావు. ఫ్రేము తట్టుకోదు."

పక్కనున్న వాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు. "అయితే ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. ఇంజనీరు సైకిలు, నువ్వేమో ఇంజనీరుకి బాబువి."

"మార్చక్కర్లేదు. ఓవరాయిలింగ్ చేస్తే మెత్తబడుతుంది," అన్నాను.

ఈ ఓవరాయిలింగ్ అనే మాట దగ్గర ఆగాలి. అసలు మాట ఓవర్‌హాలింగ్. ప్రతి భాగమూ విప్పి, కడిగి, కళ్ళతో చూసి, పాడైంది తీసేసి, మళ్ళీ బిగించడమని అర్థం. సూర్రావు గారు దాన్ని ఓవరాయిలింగ్ అనేవాడు. గోదారి జిల్లాల్లో సైకిలు దుకాణం ప్రతిదీ అదే అంటుంది. అయితే ఆయన పలకడం తప్పు పలికినా పని ఒప్పు చేసేవాడు. చివరి బాల్సు దాకా విప్పేవాడు. నా దగ్గరికొచ్చేసరికి, అందులోనూ షాకప్సర్లు వచ్చాక, పని కూడా ఆ మాటలాగే మారిపోయింది. గొట్టం చుట్టూ ఉన్న రబ్బరు దగ్గర ఇంజనాయిలు పోసి, పైకీ కిందికీ ఆడించి, గుడ్డతో తుడవడం. మాటలో ఆయిలుంది, విప్పడం లేదు. కాటలాగులు చదివి అసలు మాట తెలుసుకున్నవాణ్ణి నేను. ఇతరులు అంటే లోపల నవ్వుకునేవాణ్ణి. నా చేతులు మాత్రం తప్పు మాట ప్రకారమే పనిచేశాయి.

అడుగు బోల్టులు చూడకపోలేదు. చూశాను. బోల్టు తలల గుంటల నిండా ఎండిన బురద, దాని వెనక తుప్పు. విప్పే అలెన్ తాళం పట్టలేదు. "తుప్పు పట్టి కరుచుకుపోయింది, ఇక ఊడదు," అనుకున్నాను.

ఆయిలు పోశాను. నలభైసార్లు నొక్కాను. మొదట ఇరవై రెండు మిల్లీమీటర్లు దిగిన ఫోర్కు చివరికి డెబ్భై ఒకటి దిగింది. రెండు అంకెలూ పుస్తకంలో రాసుకున్నాను. సత్తిబాబు ఎక్కి వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు.

"అబ్బ, ఎన్నముద్దే బావా," అన్నాడు.

ఎంత తాగేవు

పదకొండో రోజు పొద్దున్న ఎనిమిది గంటలకి, గట్టుకి అడ్డంగా ఒక మోటారు పైపు పడి ఉంది. గట్ల మీద తొక్కేవాళ్ళందరూ చేసేదే అతనూ చేశాడు. దిగకుండా, హ్యాండిలు పైకి లాగి ముందు చక్రాన్ని పైపు దాటించబోయాడు. మరుక్షణం తూము గోడ మీద మొహంతో ఉన్నాడు. దవడ విరిగింది. మెడలో పూస చిట్లింది. కాకినాడ ఆసుపత్రిలో బతికించారు. ఎడమ చేతి పట్టు తిరిగి రాలేదు.

యానాంలో సైకిలు మీంచి పడ్డవాణ్ణి ఎలా పడ్డావని ఎవరూ అడగరు. ఎంత తాగేవని అడుగుతారు. గట్టు మీదికి పరిగెత్తి వచ్చినవాళ్ళు చక్రం లావు గొట్టాలతో సహా ఊడి ఉండడం చూశారు. పడిన దెబ్బకి ఊడిందనుకున్నారు. వాళ్ళలో ఒకడు సన్న గొట్టాల్ని మళ్ళీ లావు గొట్టాల్లోకి దూర్చి, సైకిలు నడిపించుకొచ్చి వాళ్ళింట్లో పెట్టాడు. చెరువు యజమాని, "మళ్ళీ మొదలెట్టాడన్నమాట," అని ఇంకొకణ్ణి పనిలో పెట్టుకున్నాడు.

ఆసుపత్రి వరండాలో కుమారి కళ్ళు తుడుచుకోలేదు, ఏడవలేదు కాబట్టి. "పొద్దున్నే, చదును గట్టు మీద, తాగనోడు ఎవడన్నా పడతాడా అన్నయ్యా? దెబ్బ తగిలినందుక్కాదు నాకు. పిల్ల తల మీద చెయ్యేసేడు. ఆ చెయ్యి ఇంకెప్పుడూ నా పిల్ల మీద పడనివ్వను," అంది.

లోపలికెళ్ళాను. మెడకి పట్టీ, దవడకి కట్టు. మాట ముద్దముద్దగా వస్తోంది.

"బావా, నువ్వన్నా నమ్ము. చుక్క ముట్టుకోలేదు. హ్యాండిలు లేపేను. తేలిగ్గా వచ్చేసింది చేతుల్లోకి. అంతే."

"పడుకో. తరవాత మాట్లాడుకుందాం," అన్నాను.

నేనూ తాగాడనే అనుకున్నాను. పడేస్తే సైకిలు అరుస్తుందని సూర్రావు గారు చెప్పారు. ఇక్కడ సైకిలు అరవక్కర్లేకుండా మనిషే చెప్పాడు. తేలిగ్గా వచ్చేసిందన్నాడు. ముప్పై ఏళ్ళ మేస్త్రికి ఆ ఒక్క మాట చాలాలి. నాకు చాలలేదు. మీ దగ్గరికి వచ్చినవాడు తాగుబోతైనా, పిచ్చివాడైనా, సైకిలు గురించి చెప్పేటప్పుడు అడ్డు తగలకుండా వినండి. అతని గురించి మీకున్న అభిప్రాయం సైకిలుకి అక్కర్లేదు.

విప్పాక

నెల దాటాక ఒక శుక్రవారం సాయంత్రం కుమారి ఆ సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. "ఇంట్లో కళ్ళెదురుగా ఉంటే సూళ్ళేకపోతన్నాను. ఎవరికన్నా ఇచ్చెయ్యి అన్నయ్యా," అని గోడకి ఆనించి వెళ్ళిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగాక, కొక్కేనికి తగిలిద్దామని హ్యాండిలు పట్టి ఎత్తాను. చక్రమూ లావు గొట్టాలూ నేల మీదే ఉండిపోయాయి. మిగతా సైకిలు నా చేతుల్లోకి వచ్చేసింది. తేలిగ్గా. సన్న గొట్టాల వెంట నూనె కారుతోంది. నేను పోసిన నూనే.

గుంటల్లోంచి బురద తవ్వి రెండు బోల్టుల ముక్కలూ తీశాను. కుడివైపు దానికి తల తప్ప ఏమీ మిగల్లేదు. విరిగిన చోటంతా నల్లటి తుప్పు, అది ఎప్పుడో పోయింది. ఎడమవైపుది ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు. విరిగిన చోట కొలిస్తే రెండు పాయింట్ నాలుగు. మధ్యలో ఆవగింజంత మేర తెల్లగా మెరుస్తోంది. ఆ మెరుపే కొత్తగా విరిగిన చోటు. పైపు ముందు హ్యాండిలు లాగేదాకా ఆ ఆవగింజే అతన్ని మోసింది.

ఇంకొకటి కూడా అప్పుడే అర్థమైంది. కాళ్ళు బిగుసుకుపోయాయని అతను తెచ్చాడు. బిగుసుకుపోబట్టే అవి ఊడలేదు. లోపలి తుప్పు గొట్టాల్ని కరిచి పట్టుకుంది. బోల్టులు చెయ్యాల్సిన పని ఆ తుప్పే చేస్తూ వచ్చింది. నేను నూనె పోసి, నలభైసార్లు నొక్కి, ఆ పట్టు వదిలించి పంపాను. నొక్కినప్పుడల్లా ఫోర్కు బాగానే ఉంటుంది, బరువు దాన్ని లోపలికే తోస్తుంది కాబట్టి. పైకి లాగితేనే తెలుస్తుంది. నూనె పోశాక సూర్రావు గారిలాగా ఒక్కసారి హ్యాండిలు పట్టి ఎత్తి, చక్రాన్ని కాలితో తొక్కిపట్టి లాగి ఉంటే, ఆ ఆవగింజ నా చేతుల్లోనే తెగేది.

నా లెక్కలో తప్పు లేదు. ఇప్పటికీ లేదు. ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు పొడుగైన ఫోర్కు ఆ ఫ్రేముకి వెయ్యకూడదు. లెక్క మొదలెట్టిన చోటు తప్పింది. కొత్త ఫోర్కుని నేను సత్తిబాబు సైకిలుకి ఉన్న ఫోర్కుతో పోల్చలేదు. పద్నాలుగేళ్ళ కింద కొత్తగా ఉన్నప్పటి ఆ ఫోర్కుతో పోల్చాను.

కాబట్టి మీరు అడిగే ప్రశ్నకి నా జవాబు ఇది. మార్చాలా వద్దా అని కొలవడానికి ముందు, ఉన్నది బతికుందో లేదో చూడండి. హ్యాండిలు పట్టి ఎత్తండి. చక్రాన్ని కాలితో కిందికి తొక్కిపట్టి లాగండి. తరవాత అడుగు బోల్టులు విప్పండి. అవి రాకపోతే, రాకపోవడమే జవాబు. ఆ ఫోర్కు చచ్చిపోయిందని రాసుకోండి. అప్పుడు కొలతలు తియ్యండి. కొత్త షాకప్సర్ నప్పకపోతే, స్ప్రింగు లేని సాదా ఇనప ఫోర్కు, పాతదాని పొడుగుదే, వెయ్యండి. మోచేతులు నొప్పెడతాయి. సత్తిబాబుకి అది వేసుంటే ఈపాటికి నన్ను తిట్టుకుంటూ గట్టు మీద తొక్కుతుండేవాడు. ఆ మూడో దారి నాకు తట్టనే లేదు. వెయ్యడమా, "అక్కర్లేదు" అనడమా, రెండే ఉన్నాయనుకున్నాను.

అగ్గిపెట్టె

బోల్టు ముక్కలు అగ్గిపెట్టెలో పెట్టాను. అగ్గిపెట్టె సొరుగులో పెట్టాను. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో రాయకపోతే ఈ రాత దండగ. గోడ మీద బోర్డుంది. పేరుంది. ఊళ్ళో కొత్తగా రెండు దుకాణాలు వచ్చాయి, వాళ్ళకి ఈ సంగతి పండగ. చెబితే అతని మెడ తిరిగొస్తుందా అని నన్ను నేను అడిగాను. రాదు అని నేనే జవాబు చెప్పుకున్నాను. పోయింది మెడ ఒక్కటే అయినట్టు.

మా దుకాణం నుంచి వాళ్ళింటికి మూడువందల నలభై అంగలు. సోమవారం నూట తొంభై దాకా వెళ్ళి, ఎవరో పిలిచారని వెనక్కొచ్చాను. ఎవరు పిలిచారో ఇప్పుడు గుర్తు లేదు. బహుశా ఎవరూ పిలవలేదు.

ఆదివారం పొద్దున్న వెళ్ళాను. కుమారి వాకిట్లో చేపలు తోముతోంది. సత్తిబాబు వరండాలో మంచం మీద, మెడకి పట్టీతో, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా మాటల్లేవని గుమ్మంలోనే తెలుస్తోంది. కూర్చోమంటే కూర్చోలేదు. అగ్గిపెట్టె తెరిచి, ఉన్నదున్నట్టు చెప్పాను. బోల్టు, తుప్పు, నేను పోసిన నూనె, అన్నీ.

అతను కుడిచేత్తో ముక్కలు తీసి ఎడమ అరచేతిలో వేసుకున్నాడు. ఆ చేతికి పిడికిలి ముడుచుకోదు. నా వైపు చూడలేదు. భార్య వైపు చూశాడు.

"ఆవేళే చెప్పేను గదే నీకు."

కుమారి చేతిలో చేప అలాగే ఉంది. "చెప్పేవు," అంది.

ఇంకేమన్నా అంటుందని ఇద్దరం చూశాం. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి నన్నడిగింది. "ఎప్పుడిప్పేవు అన్నయ్యా ఇది?"

నిన్న అనొచ్చు. నోటిదాకా వచ్చింది. "నువ్వు సైకిలు తెచ్చినరోజే," అన్నాను. "మొన్న శుక్రవారం కాదు, ఆ ముందు శుక్రవారం."

ఆమె వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. నేనెప్పుడూ అలా లెక్కపెట్టే వాళ్ళని చూసి నవ్వుకునేవాణ్ణి.

"బుధవారం మొదలెట్టేడు," అంది.

అప్పుడు తెలిసింది, గుమ్మంలోకి రాగానే తగిలిన వాసన చేపలదొక్కటే కాదని. మంచం కింద సీసా ఉంది. దాచే ప్రయత్నం కూడా లేదు.

సత్తిబాబు తప్పు చేసినవాడిలా నవ్వాడు. దవడ ఒకవైపే కదిలింది. "అందరూ తాగేనంటే, తాగే ఉంటాననుకున్నాను బావా. తాగినోడికి గుర్తుండదు గదా. నువ్వు కూడా తరవాత మాట్లాడదాం అన్నావు. సర్లే, ఒట్టు ఎలాగూ పోయింది గదా అని..."

"ఒట్టు పోలేదు సత్తిబాబూ. నువ్వు పడ్డరోజుకి ఉంది."

"ఇప్పుడు చెప్పి ఏం లాభం?" అన్నాడు. కోపంగా కాదు. గేరు ఎందుకు పడడం లేదని అడిగినట్టు అడిగాడు.

ఆ సాయంత్రమే బోర్డు తీసేశాను. చెరువు యజమానికి చెప్పాను. టీ కొట్టు దగ్గర పదిమందిలో చెప్పాను. వాళ్ళు బోల్టు ముక్కలు చేతులు మార్చుకుంటూ చూశారు. ఒకాయన, "అయితే ఆవేళ తాగలేదన్నమాట పాపం," అన్నాడు. పక్కవాడు, "ఇప్పుడు తాగుతున్నాడుగా," అన్నాడు. యజమాని కూడా ఇంచుమించు అదే అన్నాడు. తప్పుపట్టడానికి నాకు నోరు లేదు.

తరవాత నా దగ్గరికి వచ్చిన సైకిలునల్లా ముందు ఎత్తి చూశాను, మణికట్టు ఆగేదాకా. ఎవరెంత అరిచినా జానెడెత్తు నుంచి పడేశాను. అతను మాత్రం మళ్ళీ మానలేదు. సాయంత్రాలు ఆ చెయ్యి వేలాడేసుకుని మా వీధిలోంచే వెళతాడు. కనిపిస్తే "ఏం బావా" అంటాడు. వెళ్ళే చోటు నాకు తెలుసు, అడగను.

లెక్క ఇదీ. శుక్రవారం సాయంత్రం విప్పాను. బుధవారం మొదలెట్టాడు. మధ్యలో అయిదు రోజులు. మూడువందల నలభై అంగలు.